మూడు బాయిలు, ఒక చాట

పింఛను దరఖాస్తు నింపే పిల్లగాడు అడుగుతాడు: "అవ్వా, నీకెన్నేండ్లు?"

జగిత్యాల జిల్లా సారంగాపూర్ దిక్కు పల్లెల్లో ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పే ముసలివాళ్లు తక్కువ. రజాకార్లప్పుడు తల్లి చంకలో ఉన్నానని ఒకామె చెబుతుంది. డెబ్బై రెండు కరువులో తన పెండ్లయిందని ఇంకొకామె అంటుంది. కాల్వ నీళ్లు వచ్చిన ఏడు పెద్దకొడుకు పుట్టాడనీ, జగిత్యాలలో ఎర్రజెండాల ఊరేగింపు నడిచిన ఏడు వాడు బడికి పోతున్నాడనీ మరొకామె లెక్క కడుతుంది. ధర్మపురి గోదారిలో ఎన్ని పుష్కరాలు మునిగారో చెప్పేవాళ్లూ ఉన్నారు. గురువు సింహరాశికి వచ్చినప్పుడల్లా, అంటే పన్నెండేండ్లకోసారి గోదావరికి పుష్కరం. 1991, 2003, 2015. ఆ మూడింటితో పాటు అంతకు ముందరివి రెండు యాదికి ఉన్నాయంటే వయసు అరవై దాటినట్టే.

ఆ పిల్లగాడికి కావలసింది పుట్టిన సంవత్సరం. అవ్వ చెప్పేది అంతకంటే ఎక్కువ. ఊరిమీదికి ఏది వచ్చిందో, అది వచ్చినప్పుడు తాను ఎంతదో, ఏ పనిలో ఉందో, అన్నీ ఒక్క మాటలో చెబుతుంది. చంకలో పిల్లగా రజాకార్లను చూడడం వేరు, పెండ్లీడు పిల్లగా చూడడం వేరు. దరఖాస్తులో ఆ తేడాకు గడి లేదు.

ఈ పద్ధతిని సర్కారు కూడా ఎరుగును. వయసు తెలియని మనిషి ఎదురైతే ఆ ప్రాంతంలో అందరికీ గుర్తున్న సంఘటనను ఆసరా చేసుకుని అంచనా కట్టాలని జనాభా లెక్కల సిబ్బందికి చెప్పేవారు. అయినా చాలామంది వయసులు సున్నాతోనో అయిదుతోనో ముగిసేవి. నలభై, నలభై అయిదు, యాభై. భారత జనాభా లెక్కల్లో ఆ అంకెల దగ్గర జనం గుట్టగా పోగుపడి కనిపించడం జనసంఖ్యా శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన సంగతి. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అది పల్లె గడప దాకా రావడానికి ఇంకా ఏండ్లు పట్టింది. అప్పటిదాకా బడిలో పేరు రాయించేటప్పుడు పెద్దసారు పిల్లవాడి ఎత్తు చూసి వేసిన తేదీయే పుట్టినరోజు. అందుకే నడివయసు దాటినవాళ్ల ఆధార్ కార్డుల్లో జనవరి 1, జూన్ 1 అంతగా కనిపిస్తాయి. పాస్‌పోర్టు ఆఫీసు కూడా చాలాకాలం ఒక గీత గీసి పెట్టింది. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జనన ధ్రువపత్రం చూపాల్సి ఉండేది, అంతకుముందు పుట్టినవాళ్లకు వేరే కాగితాలైనా చెల్లేవి.

ఈ తరం వాళ్లు ఇట్లా, ఆ తరం వాళ్లు అట్లా అని పుట్టిన ఏడాదిని బట్టి మనుషులను పోగులు పెట్టే అలవాటు ఇప్పుడు ఫోను ద్వారా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దాకా వచ్చేసింది. ఇంటర్ చదివే పోరగాండ్లు తమను జెన్ జీ అనుకుంటున్నారు, వాళ్ల అన్నలు నైంటీస్ కిడ్స్ అనుకుంటున్నారు. పుట్టిన తేదీయే సరిగ్గా లేని నేలమీద ఈ పేర్లు ఎంతవరకు నిలుస్తాయన్నది మొదట వచ్చే అనుమానం. తేదీ సరిగ్గా ఉన్నా నిలుస్తాయా అన్నది అసలు ప్రశ్న.

తరం అనే మాట తెలుగులో పాతదే. కానీ అది పుట్టిన సంవత్సరాన్ని చెప్పే మాట కాదు, వరుసను చెప్పే మాట. తాత తరం, తండ్రి తరం, కొడుకు తరం. ఉమ్మడి కుటుంబాల్లో తల్లీ కూతురూ ఒకే ఏడు పురుడు పోసుకున్న ఇండ్లు ఉండేవి. అక్కడ మేనమామ కంటే మేనల్లుడు నెలలు పెద్ద. అయినా చిన్నవాడైన మామను పెద్దవాడైన అల్లుడు "మామా" అనే పిలవాలి. పదేండ్ల పిల్లవాడు ముప్పై ఏండ్ల మనిషికి చిన్నాయన కావచ్చు. ఇక పంచాంగం లెక్కలో పుట్టిన ఏడాదికి నిజంగానే ఒక పేరు ఉంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు, తిరిగి మొదటికి. జయ నామ సంవత్సరం 1954లో వచ్చింది, మళ్లీ 2014లో వచ్చింది. తాతకూ మనుమడికీ ఒకే పేరు పడుతుంది. తన ఏడాది పేరు తిరిగి వచ్చినవాడికి షష్టిపూర్తి చేస్తారు తప్ప, ఆ పేరు గలవాళ్లంతా ఒక్క తీరు మనుషులని ఎవరూ అనలేదు.

ఇప్పటి పేర్లు అమెరికావి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1946 నుంచి 1964 దాకా అక్కడ జననాలు ఒక్కసారిగా పెరిగాయి. అది ఆసుపత్రి లెక్కల్లో కనిపించే నిజమైన ఉబ్బు, కాబట్టి బేబీ బూమర్లు అన్న పేరుకు ఒక ఆధారం ఉంది. తర్వాతి పేర్లకు అంతటి ఆధారం లేదు. విలియం స్ట్రాస్, నీల్ హౌ 1991లో రాసిన పుస్తకం తరాల చక్రాన్ని అమెరికా చరిత్ర మొత్తానికి చుట్టి, మిలీనియల్ అన్న మాటకు ఊపు తెచ్చింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ ఆ తరాన్ని 1981–1996 మధ్య బిగించింది. 2021లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ సమాజ శాస్త్రవేత్త ఫిలిప్ కోహెన్ చొరవతో చాలామంది పరిశోధకులు ఈ పేర్లు మానుకోండని ప్యూకు బహిరంగ లేఖ రాశారు. 2023లో ఆ సంస్థ ఇకమీదట ఈ పేర్లను ఆచితూచి మాత్రమే వాడతామని ప్రకటించింది. పేర్లు పుట్టిన చోటే వాటిని పక్కన పెడుతున్న వేళకు అవి కోరుట్ల బస్టాండుకు చేరాయి.

అయితే ఈ ప్రాంతం తనకు తాను పెట్టుకున్న పేర్లు లేకపోలేదు. తెలంగాణ ఉద్యమ సభల్లో మారుమోగిన మాట ఒకటి ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బాయి అంటే ఇక్కడ బావి. బతుకుదెరువు కోసం ఇల్లు విడిచిన మగవాళ్లు దిగిన మూడు బావులని ఆ ప్రాసలోనే ధ్వనిస్తుంది. వింటే తాత బొగ్గుబాయికి, తండ్రి బొంబాయికి, కొడుకు దుబాయికి పోయినట్టుగా, మూడు తరాలు మూడు మెట్లు దిగినట్టుగా అనిపిస్తుంది.

చరిత్ర ఆ వరుసలో నడవలేదు. నిజానికి బొంబాయే మొదటిది. నిజాం రాజ్యం నుంచి వెళ్లి బొంబాయి రోడ్లు, మేడలు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలనేవారు. 19వ శతాబ్దంలోనే వాళ్ల పేరుమీద కామాటీపురా వెలిసింది. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల పద్మశాలీలు బొంబాయి మిల్లులకూ, షోలాపూర్, భీవండి, సూరత్ మగ్గాలకూ తరాలుగా పోతూనే ఉన్నారు. బొగ్గు తవ్వకం ఇల్లందు దగ్గర 1889లో మొదలైనా, ఈ ప్రాంతానికి దగ్గరి రామగుండం, గోదావరిఖని గనులు తెరుచుకున్నది 1960 ప్రాంతంలో. అంటే ఒక ఇంట్లో తాత బొంబాయికి పోయి, మనుమడు బొగ్గుబాయిలో దిగి ఉండవచ్చు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేవడం మొదలయ్యాక డెబ్బైల చివరికి దుబాయి దారి పడింది. రియాద్‌కు పోయినా, కువైట్‌కు పోయినా, మస్కట్‌కు పోయినా ఊళ్లో మాత్రం "దుబాయి పోయిండు" అనే అంటారు.

ఒక దారి మూసుకున్నప్పుడు ఇంకొకటి తెరుచుకున్న మాట కొంత నిజం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల్లో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య తర్వాత సగానికంటే కిందికి పడిపోయింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి దక్కే వారసత్వపు దారి చాలా ఏండ్లు మూతపడింది. అట్లని ఒక్కో బాయికి ఒక్కో తరాన్ని కట్టేస్తే లెక్క తప్పుతుంది. 1955–60 మధ్య పుట్టిన వాళ్లనే తీసుకుంటే మూడు బాయిల్లోనూ కనిపిస్తారు. మరోపక్క నలభై ఏండ్లకు పైగా తెరిచి ఉన్న దుబాయి దారిలో తండ్రులూ పోయారు, కొడుకులూ పోయారు. తండ్రి ఉన్న కంపెనీ క్యాంపులోకే కొడుకు వీసా మీద దిగిన ఇండ్లు ఈ మండలాల్లో ఉన్నాయి. గల్ఫ్‌లో మనిషిని విడదీసేవి వేరే పేర్లు: కంపెనీ వీసా, ఆజాద్ వీసా, ఖల్లివెల్లి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర్నుంచి బయటపడి కాగితాలు లేకుండా బతికేవాడు ఖల్లివెల్లి. వాడు ఇరవై ఏండ్లవాడైనా యాభై ఏండ్లవాడైనా భయం ఒక్కటే, ఎదురుచూసే ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఒక్కటే.

ఈ నేలమీద ఒక తరం నిజంగా తరంగా తయారైన సందర్భం ఒకటి ఉంది. ఆ కథ కొంచెం నిలబడి చూడవలసినది.

హంగేరీలో పుట్టిన సమాజ శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లో తరాల సమస్యపై ఒక వ్యాసం రాశాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం కాదని, ఒకే అలజడిలో పాలుపంచుకుంటేనే అది తరమవుతుందని ఆయన వాదన. ఆ అలజడికి వేర్వేరుగా స్పందించే గుంపులు ఒకే తరంలో ఉంటాయని కూడా చెప్పాడు. ఉదాహరణకు నగరాల కల్లోలం అంటని మారుమూల రైతు యువకులను తీసుకున్నాడు. వాళ్లు నగర యువకుల ఈడువాళ్లే అయినా వాళ్లతో కలిసి ఒక తరం కాలేదన్నాడు.

మన్‌హైమ్ రాసిన యాభై ఏండ్లకు జగిత్యాలలో చరిత్ర ఈ ఉదాహరణకు ఎదురు నడిచింది. ఎమర్జెన్సీ 1977 మార్చిలో ఎత్తేశాక జైళ్ల నుంచి, కాలేజీల నుంచి రాడికల్ విద్యార్థులు పల్లెల బాట పట్టారు. వెట్టిచాకిరీ, జీతగాండ్ల బతుకు, దొరలు వేసే దండుగలు, దొరల చేతుల్లో పడ్డ బంజరు భూములు. ఇవి మాట్లాడటానికి పల్లెల్లో మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. వెట్టి రద్దు చట్టం 1976లో కాగితం మీదికి వచ్చింది గానీ దొర గడీ వాకిట్లోకి రాలేదు. 1978 సెప్టెంబరులో వేలాది మంది రైతుకూలీలు జగిత్యాల పట్టణంలో కదం తొక్కారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. కూలి రేటు పెంచని, వెట్టి మానని దొరలను ఊరు ఊరంతా వెలివేసింది. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పశువుల కొట్టం తొక్కలేదు. చాలామంది దొరలు కరీంనగర్‌కూ హైదరాబాదుకూ మకాం మార్చారు. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అల్లం రాజయ్య నవల "కొలిమంటుకున్నది" ఆ రోజుల్లోంచే వచ్చింది.

ఈసారి అలజడి పల్లె నుంచి పట్నానికి నడిచింది. ఆ ఊరేగింపులో ముసలి జీతగాడు ఉన్నాడు, నాట్లు మానేసి వచ్చిన ఆడకూలీ ఉంది, పద్దెనిమిదేండ్ల విద్యార్థి ఉన్నాడు. వాళ్లను ఒక్కటి చేసింది వయసు కాదు, దొర కింద వాళ్లున్న చోటు. ఆ తర్వాత వాళ్లు విడిపోయిన దారులను కూడా వయసు నిర్ణయించలేదు. సారంగాపూర్ పక్కనున్న బీర్పూర్‌లో పుట్టి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ముప్పాళ లక్ష్మణరావు అడవికి పోయాడు. గణపతి అన్న పేరుతో, 2004లో ఏర్పడిన మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యి 2018 దాకా ఆ స్థానంలో ఉన్నాడు. అదే ఈడు కూలీ పిల్లలు కొందరు పోలీసు క్యాంపుల భయంతో, కేసుల భయంతో బొంబాయి బస్సెక్కి అక్కణ్నుంచి దుబాయి విమానమెక్కారు. అదే ఈడు దొర కొడుకులు హైదరాబాదులో చదువుకుని ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడ్డారు. ఒకే పుట్టిన ఏడాది, ఒకే ఊరు, ఒకే 1978. దానికి తరం అని పేరు పెట్టవచ్చు గాని, ఆ పేరు వింటే గుర్తుకు రావలసినవి మూడు వేర్వేరు ముఖాలు.

సిరిసిల్ల ప్రాంతపు చెన్నమనేని ఇంట ఇదే విషయం ఇంకో తీరుగా కనిపిస్తుంది. 1923లో పుట్టిన రాజేశ్వరరావు కమ్యూనిస్టు నాయకుడిగా ఎదిగి సిరిసిల్ల నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్లారు. 1929లో పుట్టిన తమ్ముడు హనుమంతరావు వ్యవసాయ ఆర్థికవేత్తగా ప్రణాళికా సంఘం సభ్యుడయ్యారు. మొదటి అన్నకు దాదాపు ఇరవై ఏండ్లు చిన్నవాడైన విద్యాసాగర్‌రావు భారతీయ జనతా పార్టీ తరఫున మెట్‌పల్లి నుంచి శాసనసభకూ, కరీంనగర్ నుంచి లోక్‌సభకూ గెలిచి, 2014లో మహారాష్ట్ర గవర్నరయ్యారు. వరుస లెక్కలో ముగ్గురిదీ ఒకే తరం. పుట్టిన ఏడాది లెక్కలో పెద్దవాడు ఒక తరం, చిన్నవాడు ఇంకో తరం. ఒక లెక్కలో కలిసినవాళ్లు ఇంకో లెక్కలో విడిపోయారు. వాళ్ల దారులు చీలిన కారణం చూడాలంటే ఈ రెండు లెక్కలూ చాలవు. 1940ల నిజాం వ్యతిరేక పోరాటం అన్నకు ఎదురుగా నిలిచింది, చిన్న తమ్ముడు కాలేజీకి వచ్చేసరికి అది గతమైపోయింది అన్న సంగతి మాత్రం కొంత ఉపయోగపడుతుంది.

ఇక్కడ పుట్టిన ఏడాదికి ఉన్న బలాన్నీ ఒప్పుకోవాలి. 1948 సెప్టెంబరుకు ముందు హైదరాబాదు రాజ్యంలో పెద్ద చదువు ఎక్కువగా ఉర్దూలోనే. సిరిసిల్ల తాలూకా హన్మాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. తర్వాత తెలుగు కవిగా, ఆచార్యుడిగా ఎదిగి 1988కి జ్ఞానపీఠం అందుకున్నారు. ఇరవై ఏండ్ల తర్వాత అదే ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఆ ఉర్దూ చదువు తటస్థపడే అవకాశమే లేదు. కానీ ఆ ముద్ర పడింది బడికి పోయినవాళ్ల మీదే. ఒగ్గుకథకు ఊరూరా పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే హన్మాజీపేట. ఆయన నేర్చిన చదువు ఒగ్గుడోలు పక్కన, మల్లన్న కథ పక్కన ఉంది. ఉర్దూ మీడియం తరం అని ఒక పేరు పెడితే ఆ ఊళ్లో ఎక్కువమంది దాని బయటే ఉండిపోతారు. దక్షిణ కొరియాలోనూ ఇట్లాంటి పేరే ఒకటి ఉంది, 386 తరం. పేరు పెట్టిన నాటికి వయసు ముప్పైల్లో, కాలేజీ ఎనభైల్లో, పుట్టుక అరవైల్లో అని ఆ మూడు అంకెల అర్థం. నియంతృత్వాన్ని ఎదిరించిన విద్యార్థుల పేరది. ఆ ఈడులో కాలేజీ గడప తొక్కనివాళ్లే ఎక్కువ. మిల్లు పిల్లకూ పొలం పిల్లవాడికీ ఆ మధ్య అంకెలో చోటు లేదు.

నైంటీస్ కిడ్స్ అన్న మాట ఇప్పుడు తెలుగునాట చాలా తియ్యగా వినిపిస్తోంది. దూరదర్శన్, శక్తిమాన్, వేసవి సెలవులు, మధ్యతరగతి ఇల్లు. 2024 జనవరిలో వచ్చిన "90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్" వెబ్ సిరీస్‌ను జనం కండ్లు తుడుచుకుంటూ చూశారు. ఆ బాల్యం అబద్ధం కాదు. కానీ తొంభైల సిరిసిల్లలో బాల్యం వేరు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ముప్పై వేల పైచిలుకు సాంచాల ఊరది. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. గోడకు చెయ్యి ఆనిస్తే ఆ చప్పుడు వేళ్లలోకి దిగుతుంది. పైన సేటు నూలు ఇస్తాడు, నడుమ ఆసామి తన సాంచాలు నడుపుతాడు, కింద కార్మికుడు ఒక్కో షిఫ్టులో ఎన్నో సాంచాల నడుమ తిరుగుతూ తెగిన పోగు అతుకుతాడు. కండెలు చుట్టేది ఆడవాళ్లు, పిల్లలు. బడినుంచి వచ్చిన పిల్లవాడు పుస్తకాల సంచి పక్కన పెట్టి కండెలు చుట్టే యంత్రం ముందు కూర్చోవడం అక్కడ మామూలు సాయంత్రం. నేసేది ఎక్కువగా చవక పాలిస్టరు గుడ్డ. నూలు ధర, కరెంటు బిల్లు, బయటి మార్కెట్లో పోటీ, అప్పు వడ్డీ అన్నీ కలిసి పీకమీద కూర్చున్న కాలం తొంభైలు, ఆ తర్వాతి దశకం. ఆత్మహత్యలు ఆగకుండా వచ్చేసరికి పత్రికలు సిరిసిల్లను ఉరిసిల్ల అని రాశాయి. తొంభైల్లో అక్కడ పుట్టిన పిల్లలూ నైంటీస్ కిడ్సే. భీవండికి పోయిన తండ్రి ఉత్తరం కోసం చూసినవాళ్లు, సాంచాల షెడ్డులో నిద్రపోయినవాళ్లు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చి కొంత కాలం సాంచాలు ఊపిరి పీల్చుకున్నాయి. మళ్లీ ఆర్డరు మీద, బకాయి మీద ఆధారపడ్డ బతుకే. తొంభైలను గుర్తుచేసుకునే వాళ్లకు ఆ జ్ఞాపకం ఎంత తియ్యగా ఉందో, అదే తొంభైల్లో సిరిసిల్ల బీవై నగర్‌లో పెరిగినవాడికి అంత చేదుగా ఉండొచ్చు. రెండూ నిజమే. ఒక్క పేరులో రెండూ పట్టవు.

సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన "బలగం" సినిమా 2023 మార్చిలో విడుదలై, తర్వాత ఊళ్లలో కూడళ్ల దగ్గర తెరలు కట్టి ఆడింది. ముసలి తాత చావు చుట్టూ మూడు తరాల ఇంటి కథ. ఆ తెర ముందు ఎనభై ఏండ్లవాళ్లు, పదేండ్లవాళ్లు కలిసి కూర్చుని ఏడ్చారు. కాకి ముట్టని పిండం దగ్గర ఒక్కొక్కరు ఒక్కొక్క తప్పు ఒప్పుకునే ఆ ఘట్టంలో అన్న, చెల్లె, బావ, కోడలు అన్న వరుసలే మాట్లాడతాయి.

ఇంతదాకా చెప్పిన పేర్లన్నీ ఒకసారి తిరిగి చూడాలి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి, జైత్రయాత్ర, ఉర్దూ మీడియం. దాదాపు అన్నీ మగవాళ్ల దారులు. బొగ్గుబాయి లోపలికి ఆడవాళ్లను దింపడం చాలాకాలం చట్టమే వద్దంది. గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే పదో తరగతి దాటని 30 ఏండ్లలోపు ఆడవాళ్లకు సర్కారు అనుమతి లేదు. మగవాళ్లు ఈ బాయిలన్నింటికీ పోయినప్పుడు ఇంటి దగ్గర ఏం జరిగింది?

చాట నడిచింది, బీడీలు చుట్టే చాట. తెల్లవారుజామున తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు మెత్తబడి ఉంటుంది. రేకు కొలత పెట్టి కత్తెరతో ఆకును ఒకే తీరుగా కత్తిరించడం మొదటి పని. తర్వాత కాళ్లు చాపి ఒళ్లో చాట పెట్టుకుని, ఒక ఆకు తీసి, చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ల నడుమ చుట్టి, కొనను లోపలికి ముడిచి, దారంతో రెండు చుట్లు వేసి తెంపడం. అలవాటైన చేతికి ఇది కన్ను తెరిచి మూసేంత పని. మాట్లాడుతూనే, పిల్లకు పాలిస్తూనే, కోడలికి వంట చెబుతూనే వేళ్లు ఆడుతుంటాయి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలు వెయ్యి. లెక్క వెయ్యికే. కట్టలన్నీ గంపలో పెట్టుకుని కంపెనీకి పోతే బాగాలేని బీడీలు తీసి పక్కన పడేస్తారు, ఆ ఆకు, ఆ తంబాకు ఆమె లెక్కలోంచే పోతాయి. నెలలో అన్ని రోజులూ పని దొరకదు.

సారంగాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, పక్కన నిజామాబాదు ప్రాంతం అంతా బీడీల నేల. సంబంధం చూడవచ్చినవాళ్లు పిల్లకు బీడీలు చేయడం వచ్చా, పీఎఫ్ ఉందా అని అడిగిన రోజులున్నాయి. దుబాయి నుంచి డబ్బు రాని నెలల్లో ఇల్లు గడిచింది, కూతురి ఫీజు కట్టింది ఈ కట్టలతోనే. అత్త చేసింది, కోడలు చేసింది, మనుమరాలు బడికి పోయే ముందు రెండు కట్టలు చేసి పోయింది. మగవాడి బతుకులో మూడు బాయిలు మారితే, ఆమె బతుకులో చాట మారలేదు. తరాల లెక్కలు చెప్పే ఏ పేరూ దీన్ని పట్టుకోలేదు. ఆ పేర్లన్నీ మార్పును కొలుస్తాయి. మారని పనిని చూడటానికి వాటికి కండ్లు లేవు. ఈ ప్రాంతపు చరిత్రలో మొదటి పేజీ రాయవలసింది ఆ మారని పని గురించేనని చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

చట్టం మాత్రం వాళ్లను చూసింది. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. గుర్తింపు కార్డు, భవిష్యనిధి వచ్చాయి. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు బీడీ మీద 28 శాతం పన్ను పడింది. తెలంగాణ వచ్చాక ఆసరా పథకంలో బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల పింఛను మొదలై, 2019లో 2016 రూపాయలయింది. దానికి ఒక షరతు పెట్టారు. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో సభ్యురాలై ఉండాలి. ఆ తేదీ మార్చాలని తర్వాత చేరినవాళ్లు ఊరూరా ధర్నాలు చేస్తూ వచ్చారు.

పుట్టిన తేదీతో గీత గీసేవాళ్లు తరాలు తయారుచేశామనుకుంటారు. ఈ గీత చేరిన తేదీతో గీసింది. ఒకే అరుగు మీద ఇద్దరు తోడికోడళ్లు కూర్చుంటారు. ఒకే ఈడు, ఒకే ఇల్లు, ఒకే తంబాకు ఘాటుకు ఇద్దరికీ దగ్గు. పెద్దామె కార్డు మీద తేదీ 2014 జనవరిది. చిన్నామె ఆ ఏడు పిల్లను కని, పచ్చి బాలింతగా ఉండి, ఏప్రిల్‌లో పీఎఫ్ కాగితం మీద వేలిముద్ర వేసింది. నెల మొదట్లో పెద్దామె పోస్టాఫీసుకు పోయి వస్తుంది. వచ్చేదాకా చిన్నామె రెండు చాటల్లోని ఆకూ ఎండిపోకుండా తడిగుడ్డ కప్పి, తన కట్టలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది: ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు.